ఎగిరేది గంట.. ఎక్కడానికి సగం రోజు
హోసూరు - హైదరాబాద్ మధ్య పెరిగిన దూరం గాలిలోది కాదు, నేలమీదిది

హోసూరు: తెల్లవారుజామున రెండున్నర. వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేవు. ఇంటి ముందు ట్యాక్సీ ఆగి ఉంది. డిక్కీలో రెండు సూట్‌కేసులు, ఒక అరిసెల డబ్బా. ఆరు గంటలకు బెంగళూరు నుంచి హైదరాబాద్ విమానం. కూకట్‌పల్లిలో ఉన్న కూతురి ఇంటికి పొద్దున తొమ్మిదికల్లా చేరితే చాలని పెద్దాయన లెక్క. హోసూరులో తెలుగు కుటుంబాలు ఉన్న ఏ వీధిలోనైనా నెలకు ఒకటి రెండుసార్లు కనిపించే దృశ్యమే ఇది.

లెక్క తేలిగ్గానే కనిపిస్తుంది. విమానం గంటా పది నిమిషాలు. కానీ రెండున్నరకు ఇంట్లో తాళం వేసి, తొమ్మిదికి కూతురి గుమ్మం తొక్కితే మొత్తం ఆరున్నర గంటలు. అందులో విమానం నిజంగా గాలిలో ఉండేది గంట లోపే. మిగిలిన అయిదున్నర గంటలూ రోడ్డు, క్యూ, కుర్చీ, మళ్లీ రోడ్డు. ఇది ట్రాఫిక్ లేని వేళ సంగతి. అదే శుక్రవారం సాయంత్రం ఆరింటి విమానమైతే మధ్యాహ్నం ఒంటి గంటకే బయల్దేరాలి. ఎనిమిది గంటలకు ఒక్క నిమిషం తగ్గదు.

విమానం వేగంగా పోతోంది, ప్రయాణం మాత్రం నెమ్మదిస్తోంది. ఎందుకిలా?

దగ్గరైన విమానాశ్రయాలు.. దూరమైన ఊళ్లు

మ్యాపు మీద కొలిచి చూస్తే ఒక తమాషా బయటపడుతుంది. 2008కి ముందు బెంగళూరులో విమానం ఎక్కాలంటే మారతహళ్లి దారిలోని హెచ్‌ఏఎల్ విమానాశ్రయానికి పోవాలి. హైదరాబాద్‌లో దిగేది ఊరి నడిబొడ్డున బేగంపేటలో. ఈ రెండింటి మధ్య గాలిలో నేరుగా కొలిస్తే 500 కిలోమీటర్ల పైచిలుకు దూరం.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. రెండు నెలలు తిరిగేసరికి, మే 24న, దేవనహళ్లిలో బెంగళూరు కొత్త విమానాశ్రయం తెరిచారు. బేగంపేట, హెచ్‌ఏఎల్ రెండూ మామూలు ప్రయాణికుల విమానాలకు మూతపడ్డాయి. దేవనహళ్లి ఉన్నది బెంగళూరుకు ఉత్తరాన. శంషాబాద్ ఉన్నది హైదరాబాద్‌కు దక్షిణాన. అంటే రెండు విమానాశ్రయాలూ ఒకదానికొకటి ఎదురు నడిచాయి. ఇప్పుడు వాటి మధ్య గాలి దూరం సుమారు 455 కిలోమీటర్లే. దాదాపు యాభై కిలోమీటర్లు తగ్గింది!

ఆ యాభై ఎక్కడికి పోయింది? ప్రయాణికుడి నెత్తినే పడింది. గాలిలో తగ్గినదానికంటే ఎక్కువే రోడ్డు మీద చేరింది. విమానం ఆ యాభై కిలోమీటర్లను నాలుగు నిమిషాల్లో దాటేసేది. అదే దూరానికి సిల్క్‌బోర్డు, హెబ్బాళ కూడళ్ల మీదుగా కారులో గంటన్నర పడుతోంది.

దెబ్బ ఎక్కువగా తగిలింది బెంగళూరుకు దక్షిణాన ఉన్నవారికి. హోసూరు నుంచి పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయం గాలిలో ముప్ఫై కిలోమీటర్లు కూడా లేదు. ఎలక్ట్రానిక్ సిటీ దాటి అటు తిరిగితే గంటలో చేరిపోయే రోజులవి. దేవనహళ్లి గాలిలో కొలిస్తే యాభై కిలోమీటర్ల పైమాటే. రోడ్డు మీద 75 నుంచి 80. పైగా మహానగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చీల్చుకుంటూ పోవాలి. అనంతపురం, హిందూపురం వాళ్లకు కొత్త విమానాశ్రయం కలిసొచ్చింది. బెంగళూరు ఊళ్లోకి పోకుండానే విమానం ఎక్కేస్తున్నారు. హోసూరు, దేన్కనికోట, తళి, బాగలూరు వాళ్లకు మాత్రం ఎదురు దారి అయింది.

టికెట్ మీది గంటా పది.. అసలు కథ

విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైన పోతుంది కదా, 455 కిలోమీటర్లకు గంటా పది నిమిషాలు ఎందుకని చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ వేగంతో లెక్కేస్తే 33 నిమిషాలు చాలు.

టికెట్ మీద రాసేది ఎగిరే సమయం కాదు. చక్రాల కింద పెట్టిన అడ్డుదిమ్మలు తీసి విమానం కదిలిన నిమిషం నుంచి, అవతల ఊళ్లో ఆగి మళ్లీ దిమ్మలు పెట్టే నిమిషం దాకా ఉన్న మొత్తం సమయం అది. రన్‌వే చివరిదాకా పాకుతూ పోవాలి. ముందున్న విమానాల వెనక నిలబడాలి. ఎగిరాక పై ఎత్తుకు చేరడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుంది. ఇంత తక్కువ దూరంలో పూర్తి వేగం అందుకున్న కాసేపటికే దిగడం మొదలు. దిగేటప్పుడూ తిన్నగా రన్‌వే మీదికి రానివ్వరు, చుట్టూ తిప్పి వరసలో పెడతారు. వీటన్నిటి మీద విమాన సంస్థలు ఇంకో పది నిమిషాలు జాగ్రత్త కోసం కలుపుకొంటాయి. ఆలస్యమైనా 'సమయానికే వచ్చాం' అనిపించుకోవాలిగా మరి. చెప్పిన వేళకు పావుగంట లోపు చేరితే లెక్కల్లో అది సకాలంలో వచ్చినట్లే.

పంకాలున్న చిన్న ఏటీఆర్ విమానాలు గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతాయి. వాటికి ఇదే దూరం ఒకటింబావు గంట నుంచి గంటన్నర. పెద్ద జెట్టుకు సగం కంటే కాస్త ఎక్కువ వేగమే ఉన్నా, చేరే సమయంలో తేడా మాత్రం పావుగంటో ఇరవై నిమిషాలో. దూరం తక్కువైన చోట వేగానికి విలువ తక్కువ. నేల మీద పోయే సమయమే అసలు సమయం.

అంటే హోసూరు మనిషికి హైదరాబాద్ దగ్గర కావాలంటే వేగమైన విమానం అక్కర్లేదు. దగ్గరలో విమానాశ్రయం కావాలి, లేదా ఉన్న విమానాశ్రయానికి సరైన దారి కావాలి. గొడవంతా ఇక్కడే ఉంది.

ఊరి పక్కనే రన్‌వే.. ఎక్కడానికి లేదు

హోసూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, బెళగొండపల్లి దగ్గర రన్‌వే ఉందన్న సంగతి ఇక్కడివారికి కొత్త కాదు. తనేజా ఏరోస్పేస్ సంస్థది. పొడవు ఏడు వేల అడుగులు. ఏటీఆర్‌లే కాదు, ఒక మాదిరి జెట్లూ దిగగలిగినంత పొడవు అది. విమానాల విడిభాగాల తయారీ, మరమ్మతు పనులు అక్కడ జరుగుతుంటాయి. మరి అక్కడి నుంచి ప్రయాణికుల విమానం ఎందుకు లేదు?

జవాబు 2004 నాటి కాగితంలో ఉంది. బెంగళూరు విమానాశ్రయం కట్టిన సంస్థకూ కేంద్ర ప్రభుత్వానికీ ఆ ఏడాది ఒప్పందం కుదిరింది. కొత్త విమానాశ్రయం తెరిచిన రోజు నుంచి 25 ఏళ్ల దాకా, దానికి గాలి దూరంలో 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయాన్ని దేశీయ సర్వీసులకు గానీ, అంతర్జాతీయ సర్వీసులకు గానీ అభివృద్ధి చేయకూడదు. మైసూరు, హాసన్‌లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. హోసూరుకు లేదు. అటు కర్ణాటక ఊళ్లను గుర్తుపెట్టుకున్నవారికి రాష్ట్ర గీతకు ఇవతల ఉన్న ఊరు కనిపించలేదేమో. 2008 మేలో తెరిచారు కాబట్టి 2033 మే దాకా ఈ గీత చెరగదు.

చిన్న ఊళ్లకు విమానాలు నడపాలని కేంద్రం ఉడాన్ పథకం తెచ్చినప్పుడు హోసూరు పేరు కూడా వినిపించింది. ఈ షరతు అడ్డొచ్చి ఆగిపోయింది. పార్లమెంటులో అడిగినప్పుడూ కేంద్రం చెప్పిన కారణం ఇదే.

గీత ఎంత గట్టిదో చూడాలంటే సేలం వైపు చూస్తే చాలు. సేలం విమానాశ్రయం దేవనహళ్లికి గాలిలో 160 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. గీతకు ఒక్క అడుగు అవతల. అందుకే 2023 అక్టోబర్‌లో అక్కడ ఉడాన్ కింద విమానాలు మళ్లీ మొదలయ్యాయి. బెంగళూరు, కొచ్చి, హైదరాబాద్, చెన్నైలకు సర్వీసులు వచ్చాయి. హోసూరు నుంచి సేలం విమానాశ్రయం జాతీయ రహదారిపై 140 కిలోమీటర్ల పైనే. రెండున్నర గంటల తిన్నని రోడ్డు. శుక్రవారం సాయంత్రం దేవనహళ్లికి పోవడం కంటే సేలానికి పోవడమే తొందరగా అవుతుందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అలా దక్షిణానికి 140 కిలోమీటర్లు పోయి విమానం ఎక్కితే, అది ఉత్తరానికి తిరిగి దాదాపు హోసూరు నెత్తిమీదుగానే హైదరాబాద్ పోతుంది.

ఈ గీత లోపల ఆంధ్రప్రదేశ్ వైపు ఊళ్లు కూడా ఉన్నాయి. కుప్పంలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదనకు 2019 జనవరిలో శంకుస్థాపన కూడా జరిగింది. అది దేవనహళ్లికి గాలిలో వంద కిలోమీటర్లు కూడా లేదు. బేరికె, శూలగిరి తెలుగువారికి కుప్పం పక్క ఊరు కింద లెక్క. అందుకే అక్కడి కబురు ఇక్కడా ఆసక్తిగా వింటారు. కానీ రెండు చోట్లా అడ్డుపడేది ఒకే కాగితం.

వరంగల్‌కు వీలైంది.. ఇక్కడ?

ఇలాంటి 150 కిలోమీటర్ల షరతే శంషాబాద్ ఒప్పందంలోనూ ఉంది. దానివల్ల వరంగల్ మామునూరు విమానాశ్రయం ఏళ్ల తరబడి మూలన పడింది. నిజాం కాలం నాటి విమానాశ్రయమది. చివరికి 2024లో హైదరాబాద్ విమానాశ్రయ సంస్థ అభ్యంతరం లేదని రాసిచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. అంటే ఇది రాతి మీద చెక్కిన శాసనమేమీ కాదు. అవతలి పక్షం ఒప్పుకొంటే సడలుతుంది.

బెంగళూరు కూడా అలా ఒప్పుకొంటుందా? వరంగల్‌తో హోసూరును పోల్చడం అంత సులువు కాదు. మామునూరు చిన్న విమానాశ్రయం. దానివల్ల శంషాబాద్‌కు పోయేదేమీ లేదు. హోసూరు విషయంలో తమిళనాడు అడుగుతున్నది చిన్న విమానాశ్రయం కాదు. 2024 జూన్ 27న ముఖ్యమంత్రి హోదాలో ఎం.కె.స్టాలిన్ శాసనసభలో ప్రకటించింది రెండు వేల ఎకరాల్లో, ఏడాదికి మూడు కోట్ల మంది ప్రయాణించే అంతర్జాతీయ విమానాశ్రయం. చెన్నై విమానాశ్రయాన్ని ఏడాదికి వాడుకుంటున్నవారే రెండు కోట్ల పైచిలుకు. హోసూరు, కృష్ణగిరి జనంతో మూడు కోట్లు నిండవు. నింపాల్సింది ఎలక్ట్రానిక్ సిటీ, సర్జాపుర, దక్షిణ బెంగళూరు. అంటే నేరుగా దేవనహళ్లి ప్రయాణికులకే గాలం. అది తెలిసి బెంగళూరు సంస్థ సంతకం పెడుతుందని ఆశించడం అత్యాశే.

కర్ణాటక కూడా ఊరుకోలేదు. బెంగళూరుకు రెండో విమానాశ్రయం కోసం కనకపుర రోడ్డు వైపు రెండు స్థలాలు, నెలమంగళ వైపు ఒకటి ఎంపిక చేసి పెట్టుకుంది. 2025 ఏప్రిల్‌లో విమానాశ్రయాల ప్రాధికార సంస్థ బృందం వచ్చి చూసిపోయింది. రెండు రాష్ట్రాలూ చూస్తున్నది ఒకే తేదీని.. 2033. విమానాశ్రయం కట్టడానికి ఎటూ ఏడెనిమిదేళ్లు పడుతుంది కాబట్టి, షరతు తీరేనాటికి ఎవరిది సిద్ధంగా ఉంటే వాళ్లదే మార్కెట్. కనకపుర రోడ్డులో ముందు వస్తే హోసూరుకు విమాన సంస్థలు రావడం కష్టం. హోసూరులో ముందు వస్తే దక్షిణ బెంగళూరు ఇటే తిరుగుతుంది.

మధ్యలో ఇంకో తలుపు తట్టాలి. బెంగళూరు మీది గగనతలం ఒకరి చేతిలో లేదు. హెచ్‌ఏఎల్ విమానాల పరీక్షలు, యలహంక వైమానిక స్థావరం ఇక్కడే ఉన్నాయి. హోసూరు మీది ఆకాశం ఖాళీగా కనిపిస్తుందే తప్ప ఖాళీ కాదు. రక్షణ శాఖ ఒప్పుకోనిదే ఎన్ని ఎకరాలున్నా విమానం లేవదు.

గులాబీ తోటల మీద రన్‌వే

స్థలం సంగతికొస్తే, బెళగొండపల్లి వైపు ఒకటి, శూలగిరి తాలూకాలో బేరికె - బాగలూరు మధ్య మరొకటి పరిశీలించారు. రెండోదానివైపే ప్రభుత్వం మొగ్గిందన్న వార్తలు 2025లో వచ్చాయి. ఈ పల్లెల్లో సగానికి సగం ఇళ్లలో మాట్లాడేది తెలుగే. 1956లో రాష్ట్రాల గీతలు గీసినప్పుడు ఇటువైపు ఉండిపోయిన కుటుంబాలు. టమాటా, క్యాబేజీ, క్యాప్సికం, గులాబీ వీరి బతుకు. ఫిబ్రవరిలో ప్రేమికుల రోజుకు ఇక్కడి గులాబీలు పెట్టెల్లో సర్దుకుని దేవనహళ్లి నుంచి విమానం ఎక్కి విదేశాలకు పోతాయి.

కోసిన పువ్వుకు గంట గంటకూ విలువ తగ్గుతుంది. తోట పక్కనే విమానాశ్రయం వస్తే రెండు మూడు గంటల లారీ ప్రయాణం తప్పుతుంది. కానీ ఆ విమానాశ్రయం తోట మీదే వస్తే? పూలకు విమానం ఉంటుంది, పువ్వు ఉండదు. పాలీహౌస్‌కు అప్పు తెచ్చి, బోరు వేసి, డ్రిప్పు పరిచిన రైతుకు ఎకరానికి ఇంతని ఇచ్చే పరిహారంలో ఆ పెట్టుబడి ఎంతవరకు లెక్కకొస్తుందన్నదే అసలు ప్రశ్న. దేవనహళ్లిలోనూ ఒకప్పుడు ద్రాక్ష, చకోతా తోటలుండేవి. అక్కడ ముందే అమ్ముకున్నవారి గతి, ఆగి అమ్ముకున్నవారి గతి ఇక్కడి రైతులకు బాగా తెలుసు. రియల్ ఎస్టేట్ బోర్డులు అప్పుడే రోడ్డు పక్కన మొలిచాయి. కాగితం మీద కూడా పూర్తిగా దిగని విమానాశ్రయాన్ని చూపించి ప్లాట్లు అమ్మేవారి మాట నమ్మి కొనేవారు 2033 అన్న అంకెను ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

అందాకా దారేది?

విమానం మీద ఆశ పెట్టుకోలేనివారు రాత్రి బస్సులు ఎక్కుతూనే ఉన్నారు. హోసూరు నుంచి హైదరాబాద్ రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైన. పది గంటలు. ఈ దారిలో జరిగిన ఘోరాలు ఎవరూ మరిచిపోలేదు. 2013 అక్టోబర్ 30న పాలెం వద్ద బస్సు కాలిపోయి 45 మంది, 2025 అక్టోబర్ 24న కర్నూలు శివారు చిన్నటేకూరు వద్ద మరో బస్సు కాలి ఇరవై మంది వరకు బలయ్యారు. రెండూ బెంగళూరు - హైదరాబాద్ మధ్య నడిచే ప్రైవేటు బస్సులే. విమానాశ్రయానికి పోయే ట్యాక్సీ బాడుగే బస్సు టికెట్‌ను మించిపోతుంటే సామాన్యుడు ఇంకేం ఎక్కుతాడు?

రైలు చూస్తే, 2023 సెప్టెంబర్ 24న కాచిగూడ - యశ్వంత్‌పూర్ వందేభారత్ మొదలైంది. 609 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలుగా వేళలు ప్రకటించారు. శుక్రవారం సాయంత్రం హోసూరు నుంచి విమానంలో పోయేవాడి మొత్తం ప్రయాణమూ ఎనిమిది గంటలే. రైలు ఇంత దగ్గరికి వచ్చేసింది. అయితే యశ్వంత్‌పూర్ కూడా బెంగళూరుకు అవతలి కొసనే. ఇటు హోసూరు లైను మీద హైదరాబాద్ వైపు పగటి రైలు ఒకటి ఉంటే విమానం గురించి ఇంత చర్చే ఉండేది కాదు.

మెట్రో కథ ఇంకోటి. ఆర్‌వీ రోడ్డు - బొమ్మసంద్ర పసుపు లైను 2025 ఆగస్టులో మొదలైంది. బొమ్మసంద్ర నుంచి హోసూరు ఇరవై మూడు కిలోమీటర్లే. అందులో సుమారు సగం తమిళనాడులో. పొడిగించాలని తమిళనాడు అంటుంది. రెండు రాష్ట్రాలు వాడే విద్యుత్తు విధానాలు వేరు, కలపడం కష్టమని బెంగళూరు మెట్రో అంటుంది. సిల్క్‌బోర్డు నుంచి కె.ఆర్.పుర మీదుగా విమానాశ్రయానికి వేస్తున్న నీలం లైను పూర్తయితే, బొమ్మసంద్రలో ఎక్కి సిల్క్‌బోర్డులో మారి దేవనహళ్లిలో దిగొచ్చు. హోసూరు పొడిగింపు లేకపోయినా ఈ ఒక్కటి చాలు, విమానాశ్రయానికి ఎంతసేపు పడుతుందో ముందే చెప్పగలిగే రోజు వస్తుంది. నిజానికి ప్రయాణికుడిని చంపుతున్నది దూరం కాదు, ఆ అనిశ్చితే. రెండు గంటలు పట్టొచ్చు, మూడున్నరా పట్టొచ్చు. అందుకే అందరూ మూడున్నరకు లెక్కేసుకుని బయల్దేరి, అక్కడ ఇనుప కుర్చీల్లో కునికిపాట్లు పడుతుంటారు.

రెండు వేల ఎకరాల మాట అటుంచి, విమానాల వేళలకు తగ్గట్టు రాత్రీ పగలూ హోసూరు బస్టాండు నుంచి దేవనహళ్లికి గంటకో బస్సు వేయడానికి ఎవరి గగనతలం అడ్డొస్తుంది? ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వాయువజ్ర బస్సులు నడుస్తున్నాయి. రెండు రాష్ట్రాల రవాణా సంస్థలు కూర్చుని మాట్లాడుకుంటే అదే తరహాలో ఇటు కూడా నడపొచ్చు. దీనికి 2033 దాకా ఆగాల్సిన పని లేదు, ఎవరి భూమీ పోదు. ఎన్నికల సభల్లో చెప్పుకోవడానికి బస్సు అంత గొప్పగా ఉండదన్నదే ఇబ్బంది.

ప్రస్తుతానికి తెలిసినవారు చేస్తున్న పని ఒకటుంది. నగరంలోకి పోకుండా బాగలూరు, మాలూరు, హోస్కోటె మీదుగా తూర్పు పక్క నుంచి దేవనహళ్లి చేరడం. ఉపగ్రహ పట్టణాల వలయ రహదారిలో దాబస్‌పేట - హోస్కోటె భాగం 2024లో ప్రారంభమైంది కాబట్టి హోస్కోటె దాటాక రోడ్డు బాగుంటుంది. మాలూరు వరకు ఇరుకు. కిలోమీటర్లు కాస్త ఎక్కువైనా సాయంత్రం వేళ సిల్క్‌బోర్డు, హెబ్బాళ రెండూ తప్పుతాయి. ఈ వలయ రహదారి హోసూరు వైపు భాగం కూడా పూర్తయితే తెల్లవారుజామున రెండున్నరకు లేచే పని కొంతైనా తగ్గుతుంది. అప్పటిదాకా ఆరింటి విమానం టికెట్ తీసుకున్నవారు సంస్థ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తుందని, సామాను ఉంటే అదే ఆఖరి గడువని గుర్తుపెట్టుకుని బయల్దేరాలి.